బాల్కనీలో గూడు కడుతున్న ఆ పొలుసుల పిట్ట పిచ్చుక కాదండీ, మునియా

మీ ప్రశ్న చదివాను. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్, బాల్కనీ గ్రిల్‌కి పాకించిన రాధామనోహరం తీగ. అందులో పిచ్చుక కంటే చిన్న పిట్టలు రెండు పొడుగాటి గడ్డిపోచలు తెచ్చి గూడు కడుతున్నాయి. ఛాతీ మీద చేప పొలుసుల్లా గీతలున్నాయి. ఇది ఏ పిట్ట, గింజలు ఏం వెయ్యాలి, చెక్క గూడు పెట్టె కొనాలా, వచ్చే వారం పావురాల నెట్ కట్టే మనిషిని పిలిచాం కదా, ఆపాలా అని అడిగారు. గూడు తీసేయొద్దని అత్తగారు, తీసేద్దామని మీవారు అంటున్నారని కూడా రాశారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. అది చుక్కల మునియా. కొందరు పొలుసుల మునియా అంటారు, పాత తెలుగు పేరు జినువాయి. గింజలు వెయ్యక్కర్లేదు. గూడు పెట్టె వద్దు. నెట్ పని కనీసం ఆరు వారాలు వాయిదా వేయండి. గూడు విషయంలో మీ అత్తగారి మాటే సరైనది. చట్టం కూడా ఆవిడ పక్షానే ఉంది, అది తర్వాత చెప్తాను.

గుర్తుపట్టడం సులువే. ఊరపిచ్చుక పధ్నాలుగు, పదిహేను సెంటీమీటర్లు ఉంటే ఇది పదకొండు, పన్నెండు దాటదు. బరువు 12 నుంచి 16 గ్రాములు. వీపు గోధుమరంగు, గొంతు, ముఖం ముదురు ఇటిక రంగు, ఛాతీ నుంచి పక్కలదాకా తెలుపు మీద గోధుమ, నలుపు పొలుసులు. పొట్ట మధ్యలో తెలుపు. ముక్కు చూడండి, తలతో పోలిస్తే పెద్దది, బలిసిన త్రికోణం, ముదురు బూడిద రంగు. ఆ ముక్కు ఉన్నది గింజ పొట్టు ఒలవడానికే. ఆడ, మగ తేడా దూరం నుంచి తెలియదు. మగదానికి గొంతు రంగు, పొలుసుల గీతలు కాస్త ముదురుగా ఉంటాయి, జంట పక్కపక్కన కూర్చుంటే తప్ప నేనూ చెప్పలేను. మగది పాడుతుంటే మాత్రం దొరికిపోతుంది. నిటారుగా కూర్చుని, తల మీది ఈకలు రేపి, గొంతు ఆడిస్తుంటుంది, కానీ శబ్దం వినపడదు! పాట అంత సన్నం. రెండు మూడు అడుగుల దూరంలో, రోడ్డు మీద హారన్లు లేనప్పుడు మాత్రమే వినిపిస్తుంది. మీకు బాల్కనీ తలుపు కాస్త తెరిచి వెనక నిలబడితే ఆ అవకాశం ఉంది, వదులుకోకండి.

ఇంకో నెలన్నర తర్వాత మీకు ఒక అనుమానం వస్తుంది, ముందే చెప్తున్నా. పొలుసులు లేని, ఒట్టి మట్టిరంగు పిట్టలు అదే గూటి దగ్గర తిరుగుతాయి. వేరే జాతి వచ్చి గూడు ఆక్రమించిందని చాలామంది టెన్షన్ పడతారు. అవి వీటి పిల్లలే. ఈకలు మార్చుకునేదాకా పొలుసులు రావు.

మన దగ్గర మునియాలు ఇంకా ఉన్నాయి. తెల్లగొంతు మునియాకి పొలుసులుండవు. లేత గోధుమ వీపు, తెల్లటి అడుగు భాగం, కొసకి సన్నబడే నల్ల తోక, వెండి రంగు ముక్కు. తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాల్లో, తుమ్మ చెట్ల దగ్గర ఎక్కువ. తూర్పు కనుమల అడవి అంచుల్లో తెల్లనడుం మునియా కనిపిస్తుంది. చెరువుల పక్క జమ్ములో, వరి మళ్ళలో నల్లతల మునియా, ఎర్ర మునియా. ఎర్ర మునియా మగది వానాకాలంలో ఎర్రటి ఒంటి మీద తెల్ల చుక్కలతో మెరిసిపోతుంది, ఆ కాలం పోగానే మళ్ళీ గోధుమరంగులోకి వచ్చేస్తుంది. ఇవి మీ బాల్కనీకి వచ్చేది తక్కువ. పట్నంలో ఇళ్ళ మధ్య, తీగల్లో, కుండీ మొక్కల్లో గూడు కట్టే అలవాటున్నది ఎక్కువగా చుక్కల మునియాకే.

ఇప్పుడు తిండి సంగతి. ఈ పిట్ట గురించి ఒక్క విషయమే గుర్తుపెట్టుకోమంటే ఇదే చెప్తాను. మునియా బతికేది గడ్డి గింజల మీద. బియ్యం మీద, బిస్కెట్ ముక్కల మీద కాదు. ఖాళీ ప్లాట్లలో మనిషెత్తు పెరిగే గినియా గడ్డి, ఊద గడ్డి, గరిక, తుంగ, మనం కలుపు అని పీకి పారేసేవే దానికి భోజనం. కంకి వేసిన గడ్డి పరక మీద వాలుతుంది, పరక దాని బరువుకి వంగుతుంది, వంగిన పరక మీదే పక్కకి జరుగుతూ కొసదాకా వెళ్ళి ఒక్కో గింజా ముక్కులో దొర్లిస్తుంది. పొట్టు ముక్కు అంచు నుంచి కింద రాలిపోతుంది, పప్పు లోపలికి పోతుంది. ఒక్కోసారి పక్క పరకని కాలితో లాగి పట్టుకుని దాని కంకి కూడా ఖాళీ చేస్తుంది. పెద్ద గుంపు దిగిన చోట పది నిమిషాల తర్వాత నేల మీద చూస్తే సన్నటి పొట్టు పరుచుకుని ఉంటుంది.

గుంపులో తినే తీరు మీద ప్రయోగాలే జరిగాయి. కెనడాలో లూక్ అలాన్ జిరాల్డో అనే శాస్త్రవేత్త, ఆయన బృందం సరిగ్గా ఈ జాతి పిట్టల మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు. గుంపులో కొన్ని సొంతంగా వెతుక్కుంటాయి, కొన్ని పక్కదానికి దొరికిన చోటికి వెళ్ళి పంచుకుంటాయి. ఏది ఏ పని మీద ఉందో నడకలోనే తెలుస్తుందట. తల దించి గెంతుతుంటే వెతుకుతున్నట్టు, తల ఎత్తి గెంతుతుంటే ఎవరికి దొరికిందా అని చూస్తున్నట్టు. పార్కులో గడ్డి మీద గుంపు దిగినప్పుడు గమనించండి, ఇది తెలిశాక చూడటంలో సరదాయే వేరు. మన ఆఫీసుల్లో కూడా పనికొచ్చే పరిశీలన అని నా అభిప్రాయం.

పిల్లల్ని పెంచే దగ్గర పిచ్చుకకీ మునియాకీ పెద్ద తేడా ఉంది. పిచ్చుక పిల్లలకి పురుగులు కావాలి. మునియా పురుగులు పెట్టేది తక్కువ. తాను తిన్న గింజల్ని మెడ దగ్గరి సంచిలో నానబెట్టి, వాటినే పిల్లల నోట్లోకి కక్కుతుంది. దానికి ఎండు గింజ కంటే ఇంకా గట్టిపడని లేత గింజ మేలు. పాలకంకి అంటాం చూడండి, వేలితో నొక్కితే తెల్లగా పాలు చిమ్మే దశ, అది. అందుకే ఇవి ఎక్కువగా వానలు పడి గడ్డి కంకి వేసే కాలంలోనే గూళ్ళు కడతాయి. మీ బాల్కనీలో జూలైలో మొదలైందంటే లెక్క సరిపోయింది. దగ్గర్లో ఎక్కడో ఖాళీ ప్లాటో, నాలా గట్టో, గడ్డి పెరిగిన గుట్టో ఉంది. అవి ఎటు నుంచి వస్తున్నాయో చూస్తే మీకే తెలుస్తుంది.

మా కాలనీ చివర అలాంటి ప్లాటు ఒకటి ఉండేది. చుట్టూ ఇళ్ళలో ఏటా మునియాలు గూళ్ళు కట్టేవి. ఒక ఏడు దోమలని, పాములని ఫిర్యాదులొచ్చి ఆగస్టులో ప్లాటు మొత్తం జేసీబీతో చదును చేయించారు. ఆ వారమే రెండిళ్ళ అవతల గూట్లో పిల్లలున్నాయి. పెద్దవి ఇంకా దూరం వెళ్ళి మేత తేవాల్సి వచ్చింది. గంటకోసారి వచ్చేవి పూటకి ఏ రెండుసార్లో కనిపించేవి. పిల్లలన్నీ బయటికి రాలేదు. గూడు ఎంత భద్రంగా ఉన్నా, ఎదురుగా గడ్డి లేకపోతే లాభం లేదు. తర్వాతి ఏడు నుంచి ప్లాటు యజమానితో మాట్లాడి రోడ్డు పక్క పది అడుగులు మాత్రమే కోయించి, వెనక భాగం దీపావళి దాకా ఉంచమన్నాం. ఒప్పుకున్నాడు. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, ఎటూ కోత కూలి కలిసొస్తుంది.

కాబట్టి గింజల సంగతి. గూడున్న బాల్కనీలో గింజలు వేయడం మంచి పని కాదు. గింజ కనపడితే ముందు దిగేది పావురాలు, వాటి వెనక కాకులు. కాకికి గూడు కనపడిందా, గుడ్లు దక్కవు. అంతగా వేయాలనిపిస్తే గూటికి దూరంగా, డాబా మీదో ఇంకో వైపు కిటికీ దగ్గరో వేయండి. పొట్టు తీయని కొర్రలు, సామలు, ఊదలు వేయాలి. షాపులో అమ్మే కొర్ర బియ్యం పొట్టు తీసేసినవి, అవి కాదు. విత్తనాల షాపులోనో, లవ్‌బర్డ్స్ దాణా అమ్మే చోటో పొట్టుతో దొరుకుతాయి. ఇంకా మంచిది కొర్ర కంకులు నాలుగు కట్టగా కట్టి వేలాడదీయడం, పావురం వాటి మీద నిలబడలేదు. మన ఊళ్ళలో కోతలయ్యాక చూరుకి, గుడి మండపంలో వరి కుచ్చులు కడతారే, అదే పద్ధతి. అన్నం, మిక్చరు, బ్రెడ్డు వద్దు. గిన్నెలో గింజలు వేస్తే రోజూ ఒకసారి ఊది చూడండి. పైకి నిండుగా కనపడుతుంది కానీ అదంతా ఒలిచేసిన పొట్టే అయివుంటుంది, ఇంకా ఉన్నాయి కదా అని ఊరుకుంటాం.

నీళ్ళు మాత్రం తప్పకుండా పెట్టండి. వెడల్పు మట్టి మూకుడులో వేలి లోతున చాలు. తాగడమే కాదు, స్నానం చేస్తాయి. రోజూ మార్చండి, లేకపోతే దోమల లార్వా.

గూడు ఎలా ఉంటుందంటే: మీరు ఫొటోలో చూపించిన గడ్డి కుప్ప ఇప్పుడు చిందరవందరగా ఉంది కదా, ఇంకో వారంలో గుండ్రటి బంతి అవుతుంది. పక్కన ఒక కన్నం. ఆ కన్నం మీదికి గడ్డి కొసలు చూరులా వాలి ఉంటాయి, అందుకే ద్వారం ఎక్కడుందో వెంటనే తెలియదు. గిజిగాడిలా అల్లదు ఇది. గిజిగాడు ముళ్ళు వేసి, పోచని పోచలో దూర్చి వేలాడే గూడు కడతాడు. మునియా గడ్డిని కొమ్మల సందులో కుక్కి, లోపల తిరిగి తిరిగి ఒంటితో నొక్కి గది చేసుకుంటుంది. పనితనం తక్కువే అనుకోండి, కానీ గది లోపల మెత్తటి గడ్డి పూలు, ఈకలు పరిచి ఉంటాయి. ఒక్కో విడతకి ఒక్కటే పోచ తెస్తుంది. పోచని మొదలు దగ్గర కరుచుకుని ఎగురుతుంటే మిగతాదంతా వెనక తోకలా సాగుతుంది. గ్రిల్ మీద వాలి, అటూఇటూ చూసి, తోకని పక్కలకి ఆడించి, తర్వాతే తీగలోకి దూరుతుంది. రెండూ కడతాయి, రెండూ పొదుగుతాయి, రెండూ పెంచుతాయి.

ఒక్కోసారి సగం కట్టి వదిలేస్తాయి కూడా. మీ తప్పేమీ ఉండదు. ఊళ్ళలో గిజిగాడు వదిలేసిన గూట్లోకి మునియాలు, ముఖ్యంగా తెల్లగొంతువి, చేరిపోవడం మామూలే. కష్టపడటం తప్పితే మంచిదేగా.

గుడ్లు తెల్లగా, సాధారణంగా నాలుగు నుంచి ఆరు, ఇంకా ఎక్కువా పెట్టొచ్చు. పొదిగేది ఇంచుమించు రెండు వారాలు. పిల్లలు బయటికి రావడానికి ఇంకో మూడు వారాలు అటూఇటూ. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు రాత్రి పడుకోవడానికి అదే గూటికి వస్తాయి. కట్టడం ఇంకా నడుస్తోంది కాబట్టి ఆరు వారాలు అన్నాను. మళ్ళీ గుడ్లు పెట్టాయా, ఇంకో నెల పైన కలుపుకోండి. నెట్ మనిషిని దసరా తర్వాత రమ్మంటే ఏ గొడవా ఉండదు.

మీవారు అడిగేది న్యాయమైన ప్రశ్నే, బాల్కనీ అంతసేపు వాడకూడదా అని. వాడొచ్చు. బట్టలు ఆరేయండి, మొక్కలకి నీళ్ళు పోయండి, ఫోన్ మాట్లాడుకోండి. రోజూ జరిగే పనులకి అవి అలవాటు పడతాయి. పడనివి ఇవి:

తీగని కత్తిరించొద్దు, కుండీని కదపొద్దు. నాకు తెలిసిన ఒకావిడ అరెకా పామ్‌లో గూడు ఉండగా, ఎండ తగలడం లేదని కుండీని బాల్కనీ రెండో మూలకి జరిపింది. నాలుగు అడుగులే. పెద్దవి పాత చోటుకే వచ్చి గ్రిల్ మీద కూర్చుని అరిచేవి, పక్కనే ఉన్న గూటికి మాత్రం వెళ్ళలేదు. గుడ్లు అలాగే ఉండిపోయాయి. మనకి చెట్టు గుర్తు, దానికి చోటు గుర్తు.

కన్నంలోకి వేలు, ఫోన్, టార్చి పెట్టొద్దు. మనిషి వాసన తగిలితే పిల్లల్ని వదిలేస్తాయని అంటారు, అది నిజం కాదు. కానీ పొదిగే రోజుల్లో పదే పదే బెదరగొడితే నిజంగానే వదిలేస్తాయి. పిల్లలు పెద్దవయ్యాక గూట్లో చెయ్యి పెడితే అన్నీ ఒక్కసారిగా బయటికి దూకేస్తాయి, ఎగరడం రాకుండానే. నాలుగో అంతస్తు, గుర్తుపెట్టుకోండి.

నెట్ ఇప్పుడు కట్టించొద్దు. దారి మూసుకుపోతే లోపలివి లోపలే, బయటివి బయటే. వదులుగా కట్టిన దారంలో ఇంత చిన్న పిట్టలు కాళ్ళు చిక్కుకుని వేలాడతాయి. పావురాలే మీ సమస్య అయితే ఈ ఆరు వారాలు ఏసీ యూనిట్ మీద, మూలల్లో అవి పుల్లలు పెట్టినప్పుడల్లా గుడ్లు పెట్టకముందే తీసేస్తూ ఉండండి, సరిపోతుంది.

చెక్క పెట్టె ఎందుకు వద్దన్నానంటే, పెట్టె కావాల్సింది పిచ్చుకకి. అది గోడ కన్నాల్లో గూడు పెట్టే పక్షి. మునియాకి కావాల్సింది చిక్కటి తీగ, ముళ్ళ కొమ్మ, ఆకుల గుబురు. ఊళ్ళలో రేగు, తుమ్మ, నిమ్మ చెట్లు ఎంచుకునేది అందుకే, గుడ్లు తినే జెముడుకాకి లోపలికి రాలేదు. మీ రాధామనోహరం ఇప్పటికే ఆ పని చేస్తోంది, డబ్బులు మిగుల్చుకోండి.

చట్టం మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మునియాల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. ఆ చట్టంలో వేట అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్ళు చెదరగొట్టడం కూడా ఉన్నాయి. అయినా సంతల్లో, ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గర బుట్టల్లో పెట్టి అమ్ముతూనే ఉంటారు. ఆకుపచ్చ, గులాబీ, పసుపు రంగులు పూసి విదేశీ పక్షులని చెప్తారు. మా వీధి పిల్లవాడొకడు అలాంటి జత కొనుక్కొచ్చాడు, ఈకలు మారేసరికి పచ్చ రంగు పోయి మట్టిరంగు మునియాలు బయటపడ్డాయి. గోళ్ళు వంకర్లు తిరిగి పెరిగిపోయాయి, ఎందుకంటే వీటి గోళ్ళు త్వరగా పెరుగుతాయి, పరకలు పట్టుకుని తిరిగితేనే అరుగుతాయి. జాలిపడి కూడా కొనకండి. మీరు రెండు కొని వదిలితే వాడు నాలుగు పట్టుకొస్తాడు.

ఈ వ్యాపారం వల్లే ఇవి లోకమంతా తిరిగాయి. పంజరాల నుంచి తప్పించుకున్నవి, వదిలేసినవి స్థిరపడి ఆస్ట్రేలియాలో, హవాయిలో, దక్షిణ కాలిఫోర్నియాలో గుంపులయ్యాయి. లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో వైపు ఉన్న మనవాళ్ళు పెరట్లో ఈ పొలుసుల పిట్టని చూసి ఇది మన ఊరిదిలా ఉందే అనుకుంటే, అనుమానం అక్కర్లేదు, అదే.

రైతులు ఎవరైనా ఇది చదువుతుంటే, మునియా గురించి ఇంత ముద్దుగా రాస్తున్నాడేంటని తిట్టుకోవచ్చు. కొర్ర, సామ, వరి పాలకంకి మీద ఉన్నప్పుడు గుంపు దిగితే నష్టం నిజమే. ఒంటరిగా ముందు కంకి వేసిన మడి మీద పడేది ఎక్కువ. చుట్టుపక్కల రైతులంతా ఒకేసారి విత్తుకుంటే ఆ దెబ్బ అందరికీ పంచబడి తగ్గుతుంది. మంచె మీద మనిషి, మెరిసే రిబ్బను, పొద్దున్నే, సాయంత్రం రెండు పూటలా కాపలా. ఉరులు, జిగురు, విషం గింజలు మాత్రం వద్దు, వాటికి చచ్చేది మునియాలొక్కటే కాదు.

చివరిగా, గూడు ఎప్పుడు తీయాలి అన్నది. పిల్లలు వెళ్ళిపోయాక వెంటనే తీయకండి. సాయంత్రం చీకటి పడే వేళ ఒక వారం వరసగా చూడండి, ఒక్కటీ రాకపోతే ఖాళీ అయినట్టు. చివరి రోజుల్లో పిల్లల రెట్ట గూటి అంచునే పేరుకుంటుంది, కాబట్టి తీసేటప్పుడు మాస్కు పెట్టుకుని, గూటి మీద కాసిన్ని నీళ్ళు చల్లి, దుమ్ము లేవకుండా కవర్లోకి దించేయండి. తీగ కత్తిరింపు కూడా అప్పుడే పెట్టుకోండి, మరీ పలచగా కాకుండా. ఈలోగా ఏదైనా పిల్ల కింద పడితే చూడండి: ఒంటి నిండా ఈకలుండి గెంతుతుంటే, పిల్లి అందని ఎత్తులో కొమ్మ మీద పెట్టి పక్కకి వచ్చేయండి, పెద్దవి వచ్చి మేపుతాయి. ఈకలు రానిదైతే మెల్లగా గూటి కన్నంలోకి తిరిగి పెట్టేయండి. నోట్లో నీళ్ళు మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.